గొట్టంలో గడ్డకట్టే నీరు – నివారణ, మరమ్మతు

గోదావరి, కృష్ణా తీరాలలో పుట్టి పెరిగిన వారికి నీటితో వచ్చే ఇబ్బందులు ప్రధానంగా రెండు: అయితే అతివృష్టి, లేకుంటే అనావృష్టి. కుళాయి తిప్పినప్పుడు నీరు రాలేదంటే కరెంటు పోయిందనో, టాంకు ఖాళీ అయిందనో అనుకుంటాము. గొట్టం నిండా నీరు ఉండి కూడా కుళాయి నుండి బొట్టు రాలకపోవడం మన అనుభవంలో లేని సంగతి. లంబసింగిలో గడ్డి కొసలపై మంచు పేరుకున్న ఛాయాచిత్రం పత్రికలో వస్తే అదే మనకు పెద్ద వింత. తెల్లవారుజామున కొద్దిసేపు మాత్రమే ఉండే ఆ చలి గడ్డిమీది తేమను గడ్డకట్టించగలదు గాని, ఇంటి గొట్టాలలోని నీటిని గడ్డకట్టించడానికి చాలదు.

కాని ప్రభుత్వరంగ సంస్థలలో పనిచేసే మనకు బదిలీ ఉత్తర్వు ఏ దిక్కుకు దారి చూపుతుందో ఎవరికి ఎరుక? వేసవిలో విజయవాడలో ఉన్న కుటుంబం శీతాకాలం నాటికి కాశ్మీరులోనో, హిమాచల్ ఎగువ లోయలలోనో, లడఖ్‌లోనో కాపురం పెట్టవలసి రావచ్చు. ఉన్ని దుస్తుల గురించి, ఆహారం గురించి సలహాలు చెప్పేవారు చాలామందే ఉంటారు. ఇంటిలోని నీటి గొట్టాల గురించి చెప్పేవారు మాత్రం అరుదు. మాకు కూడా ఎవరూ చెప్పలేదు. ఆ లోటు కొంతవరకైనా తీర్చాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

మేము నేర్చుకున్న మొదటి పాఠం

1998లో మేము హిమాచల్ ప్రదేశ్ ఎగువ లోయలోని ఒక ప్రాజెక్టు కాలనీలో మొదటి అంతస్తు క్వార్టరులో ఉండేవారము. మరుసటి జనవరిలో సంక్రాంతికి స్వగ్రామం బయలుదేరుతూ, ఇంటి పద్ధతి ప్రకారం కుళాయిలన్నీ గట్టిగా బిగించాము. గదిని వెచ్చబరిచే బుఖారీని ఆర్పి, తలుపులకు తాళం వేసి, నిశ్చింతగా రైలెక్కాము. టాంకు నుండి వచ్చే ప్రధాన వాల్వును మూసి గొట్టాలలోని నీటిని ఖాళీ చేయాలన్న ఆలోచనే మాకు రాలేదు. జలవిద్యుత్ కేంద్రానికి నీటిని చేరవేసే పెన్‌స్టాకు ఎంత పీడనాన్ని తట్టుకోవాలో లెక్కలు కట్టడం మా వృత్తి. మా ఇంటిలోని అర అంగుళం గొట్టం లెక్క మాత్రం మాకు తట్టలేదు.

వేడి లేని ఇంటిలో ఉత్తరపు గోడ వెంబడి ఉన్న గొట్టం గడ్డకట్టి, వాష్‌బేసిన్ కింద పగిలింది. రెండు రోజులు మంచి ఎండ కాయగానే లోపలి మంచు కరిగి, టాంకులోని నీరంతా రాత్రివేళ కింది క్వార్టరు పైకప్పు గుండా కారింది. ఆ ఇంటిలో ఒక టెక్నీషియను, ఆయన భార్య, నెల నిండని పసిబిడ్డ ఉన్నారు. పడక తడిసింది, బుఖారీ ఆరిపోయింది. మెట్ల మీదుగా పారిన నీరు తెల్లవారేసరికి అద్దంలా గడ్డకట్టింది. బిడ్డకు జలుబు చేసి ఊపిరితిత్తులకు దిగడంతో, వారం రోజులు ఆసుపత్రిలో ఉంచవలసి వచ్చింది. భగవంతుని దయ వలన బిడ్డ కోలుకున్నది. మేము తిరిగి వచ్చిన రోజున ఆ టెక్నీషియను మా ఇంటికి వచ్చి, నీరు ఆపడం కోసం మా తలుపు తాళం పగులగొట్టవలసి వచ్చినందుకు మాకే క్షమాపణ చెప్పాడు. ఆ క్షమాపణను మేము నేటికీ మరువలేకున్నాము.

గొట్టం ఎందుకు పగులుతుంది?

చాలా పదార్థాలు చల్లబడి ఘనీభవించినప్పుడు సంకోచిస్తాయి. నీరు ఇందుకు భిన్నం. 4 డిగ్రీల సెల్సియస్ వద్ద దాని సాంద్రత అత్యధికం. అంతకంటే చల్లబడితే నీరు స్వల్పంగా వ్యాకోచిస్తుంది. మంచుగా మారేటప్పుడు దాని ఘనపరిమాణం నూటికి సుమారు 9 వంతులు పెరుగుతుంది. ఈ గుణం వల్లనే మంచు నీటిపై తేలుతుంది, సరస్సు పైభాగం గడ్డకట్టినా అడుగున చేపలు బ్రతుకుతాయి. సరస్సులోని చేపను కాపాడే ఈ గుణమే ఇంటిలోని గొట్టాన్ని పగులగొడుతుంది.

అయితే చాలామంది అనుకున్నట్లు, మంచు తాను ఉన్న చోటనే గొట్టాన్ని చీల్చదు. గొట్టంలో మంచు గోడ అంచున మొదలై లోపలికి పెరుగుతూ, చివరకు సీసాకు బిరడాలా దారి మూసివేస్తుంది. ఆ తరువాత కూడా మంచు పెరుగుతూనే ఉంటుంది. టాంకు వైపున ఉన్న నీరు వెనక్కు జరిగి తప్పించుకుంటుంది. కుళాయి వైపున ఉన్న నీటికి మాత్రం పోవడానికి దారి ఉండదు, ముందు మూసిన కుళాయి, వెనుక పెరుగుతున్న మంచు. నీరు సులభంగా కుదించుకుపోయే పదార్థం కాదు. దాని ఘనపరిమాణాన్ని నూటికి ఒక్క వంతు తగ్గించాలంటే సుమారు 220 వాతావరణాల పీడనం కావాలి. ఇంటిపై పది మీటర్ల ఎత్తున ఉన్న టాంకు కలిగించే పీడనం దాదాపు ఒక వాతావరణం మాత్రమేనని గుర్తు చేసుకుంటే, గొట్టంపై పడే భారం అర్థమవుతుంది. అందుకే చీలిక మంచుగడ్డ ఉన్న చోట కాక, తరచుగా దానికీ కుళాయికీ మధ్య బలహీనమైన చోట, అనగా ఎల్బో వద్దనో, థ్రెడ్ వద్దనో, అతుకు వద్దనో కనిపిస్తుంది.

ఇందులోనే ఒక ఉపాయం కూడా దాగి ఉన్నది. కుళాయి కొద్దిగా తెరిచి ఉంటే, పెరిగే మంచు నెట్టిన నీరు బయటకు పోతుంది, పీడనం పెరగదు. గొట్టం గడ్డకట్టినా పగలదు. మేము గట్టిగా బిగించిన కుళాయిలే మా గొట్టాన్ని పగులగొట్టాయన్నమాట.

ఎంత చలిలో ప్రమాదం?

నీరు సున్నా డిగ్రీల వద్ద గడ్డకట్టునని పాఠశాలలో చదువుకున్నాము. అయినా బయట సున్నాకు చేరిన వెంటనే గొట్టాలు గడ్డకట్టవు. ఇంటి గోడలలో నిలిచిన వేడి కొంతసేపు కాపాడుతుంది. బయటి ఉష్ణోగ్రత మైనస్ 6, 7 డిగ్రీలకు దిగి, కొన్ని గంటలు అక్కడే నిలిస్తే, తొడుగు లేని గొట్టాలకు ముప్పు మొదలవుతుందని స్థూలంగా చెప్పుకోవచ్చు. గాలి వీస్తే ముప్పు త్వరపడుతుంది. గోడలో గొట్టం కోసం కొట్టిన రంధ్రాన్ని పూడ్చకుండా వదిలితే, ఆ సందు నుండి వచ్చే గాలి ఒక్క రాత్రిలో గొట్టాన్ని గడ్డకట్టించగలదు.

కాశ్మీరులో డిసెంబరు 21 నుండి నలభై రోజుల కాలాన్ని ‘చిల్లై కలాన్’ అంటారు. అత్యంత తీవ్రమైన చలి ఆ రోజులలోనే. 2024 డిసెంబరు 21న శ్రీనగర్‌లో మైనస్ 8.5 డిగ్రీలు నమోదైంది. డిసెంబరు నెలలో ఇంత తక్కువ ఉష్ణోగ్రత అక్కడ యాభై ఏళ్లలో నమోదు కాలేదు. అలాంటి ఉదయాలలో కుళాయిల చుట్టూ చిన్న మంటలు వేసి వెచ్చబెట్టుకునే జనం అక్కడి వీధులలో కనిపిస్తారు. సముద్రమట్టానికి దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్ పట్టణంలో చలి మరింత తీవ్రం. అక్కడ చాలా ఇళ్లలో శీతాకాలమంతా గొట్టాలను ఖాళీ చేసి ఉంచి, చేతిపంపుల మీద, టాంకరు నీటి మీద ఆధారపడతారు. నీటి అవసరం లేని పొడి మరుగుదొడ్లు లడఖ్‌లో తరతరాలుగా వాడుకలో ఉండడం ఆ ప్రజల వివేకానికి నిదర్శనం. ప్రకృతితో పోరాడేకంటే దానికి చోటిచ్చి బ్రతకడం మేలని వారు ఏనాడో గ్రహించారు.

నివారణ: ముందుచూపే మందు

క్వార్టరు కేటాయించిన రోజునే చేయవలసిన మొదటి పని, ప్రధాన వాల్వు ఎక్కడ ఉన్నదో తెలుసుకోవడం. దానిని ఇంటిలోని ప్రతి ఒక్కరూ, పదేళ్ల పిల్లలతో సహా, తిప్పి చూడాలి. తుప్పు పట్టి తిరగని వాల్వు ఆపద వేళ ఉన్నా లేనట్లే.

రెండవది గొట్టాలకు తొడుగు. బజారులో దొరికే నల్లని నైట్రైల్ రబ్బరు లేదా పాలిథిన్ నురుగు తొడుగులు శ్రేష్ఠం. అవి దొరకని చోట గోనెపట్ట, గడ్డి, పాత ఉన్నిగుడ్డ చుట్టి, పైన ప్లాస్టిక్ పట్టాతో గట్టిగా కట్టవచ్చు. తొడుగు పొడిగా ఉండడం ముఖ్యం. తడిసిన తొడుగు వేడిని ఆపకపోగా బయటకు లాగివేస్తుంది. ఎల్బోలు, వాల్వులు, కుళాయి మెడ వంటి చోట్ల సందు వదలరాదు. ఇంకొక సంగతి: తొడుగు వేడిని పుట్టించదు, ఉన్న వేడిని నిలుపుతుంది. దుప్పటి మనిషికి కప్పితే వెచ్చదనం, బండరాయికి కప్పితే ఏముంటుంది? ఇంటిలో వేడి లేకుండా వారం రోజులు తాళం పడితే, ఎంత మందపు తొడుగైనా గడ్డకట్టడాన్ని ఆలస్యం చేస్తుందే గాని ఆపలేదు.

మూడవది స్థానం. గొట్టాలు ఉత్తరపు బయటి గోడలపై కాక లోపలి గోడల వెంట పోవాలి. బయట నేలలో వేసే గొట్టం, చలి దిగే లోతు కంటే కిందుగా పోవాలి. శీతల ప్రాంతాలలో ఈ లోతు స్థలాన్ని బట్టి మీటరు నుండి మీటరున్నర వరకు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ కూడా ఉంటుంది. మెత్తని మంచు పేరుకున్న నేల కంటే, మంచు తొలగించి వాహనాలు తిరిగే దారి కింద చలి ఎక్కువ లోతుకు దిగుతుంది. కాబట్టి దారులు దాటించే చోట మరింత లోతు అవసరం. పైకప్పు మీద ఆరుబయట ఉండే టాంకును కప్పు లోపలికి, వీలైతే వంటగది పొగగొట్టానికి చేరువగా మార్చుకుంటే సగం సమస్య తీరుతుంది.

నాలుగవది రాత్రి అలవాట్లు. సింకు కింది అల్మరా తలుపులు తెరిచి ఉంచితే గది వెచ్చదనం గొట్టాలకు అందుతుంది. తీవ్రమైన చలి రాత్రులలో టాంకుకు అతి దూరాన ఉన్న కుళాయిని సన్నని ధారగా వదలవచ్చు. అయితే నీటి కొరత ఉన్న చోట ఇది దుబారా. పైగా పారిన నీరు తూములో గడ్డకట్టి మరొక సమస్య తెస్తుంది. అలాంటి చోట్ల రాత్రికి కావలసిన నీటిని బిందెలలో పట్టుకొని, వాల్వు మూసి, కుళాయిలు తెరిచి గొట్టాలు ఖాళీ చేయడమే ఉత్తమం. గొట్టాలను కొద్దిపాటి వాలుతో అమర్చి, అన్నిటికంటే పల్లపు చోట నీరు కార్చే చిన్న కుళాయి పెట్టుకుంటే ఈ పని రెండు నిమిషాలలో ముగుస్తుంది.

ఇంటికి తాళం వేసేటప్పుడు

సెలవుపై వెళ్లేవారు ఈ క్రమాన్ని తప్పక పాటించాలి. గీజరు స్విచ్ ఆపాలి. ప్రధాన వాల్వు మూయాలి. పై అంతస్తు నుండి మొదలుపెట్టి అన్ని కుళాయిలు తెరవాలి. పల్లపు కుళాయి తెరిచి నీరంతా కార్చాలి. గీజరును, ఫ్లష్ టాంకును ఖాళీ చేయాలి. కుళాయిలను తెరిచే ఉంచాలి. సింకు కింది వంపు గొట్టంలో, మరుగుదొడ్డి పళ్లెంలో నిలిచిన నీటిని తోడివేయాలి. మిగిలిన కొద్ది నీటిలో గుప్పెడు ఉప్పు వేస్తే స్వల్పమైన చలికి అది గడ్డకట్టదు. మోటారు వాహనాలలో వాడే యాంటీఫ్రీజు ద్రవాన్ని మాత్రం తాగునీటి గొట్టాలలోకి ఎన్నడూ పోయరాదు. అందులో వాడే ఇథిలీన్ గ్లైకాల్ విషం. చివరగా, ఒక తాళపుచెవి పొరుగువారి చేతికి ఇచ్చి వెళ్లాలి.

గడ్డకట్టిన తరువాత

ఉదయం కుళాయి నుండి నీరు రాలేదు. పొరుగింటిలో వస్తున్నది. అనగా సమస్య మన గొట్టంలోనే. వెంటనే గీజరు ఆపాలి. దానికి వచ్చే, పోయే గొట్టాలు రెండూ మూసుకుపోయి, రక్షక వాల్వు కూడా పనిచేయని స్థితిలో గీజరు వెలుగుతూ ఉంటే, లోపల ఆవిరి పీడనం పెరిగి అది పేలే ప్రమాదం ఉన్నది.

పిమ్మట ఒక కుళాయి తెరిచి, ప్రధాన వాల్వును దాదాపు పూర్తిగా మూయాలి. గొట్టం ఇప్పటికే పగిలి ఉండవచ్చు. మంచే బిరడాగా ఉన్నంతసేపు ఆ పగులు బయటపడదు. కరిగిన క్షణాన వరద మొదలవుతుంది. మా ఇంటిలో జరిగినది అదే.

తరువాత గడ్డకట్టిన చోటును వెతకాలి. నీరు వచ్చే చివరి కుళాయికీ, రాని మొదటి కుళాయికీ మధ్యనే అది ఉంటుంది. ఆ భాగంలో బయటి గోడను ఆనుకున్న చోటు, గాలి తగిలే చోటు, పైన తెల్లని నూగు పట్టిన చోటు మొదట చూడాలి.

కరిగించడం ఎప్పుడూ కుళాయి వైపు నుండి మొదలుపెట్టి మంచు వైపుకు జరగాలి. నడుమ మొదలుపెడితే కరిగిన నీటికి, ఆవిరికి దారి ఉండదు. వేడినీటిలో ముంచి పిండిన గుడ్డలు చుట్టడం, వేడినీటి సంచి కట్టడం, జుట్టు ఆరబెట్టే డ్రయ్యరుతో మెల్లగా ఊదడం, గదిని వెచ్చబెట్టడం ఇవి క్షేమకరమైన పద్ధతులు. డ్రయ్యరు వాడేవారి కాళ్ల కింద, చేతులకు తడి ఉండరాదు.

ఇక్కడ ఓర్పు అవసరం. ఒక మీటరు అర అంగుళం గొట్టంలో దాదాపు 200 గ్రాముల నీరు పడుతుంది. గ్రాము మంచు కరగడానికి 80 కెలోరీల గుప్తోష్ణం కావాలి. అనగా అంత నీటిని సున్నా నుండి 80 డిగ్రీలకు కాచడానికి పట్టే వేడి ఉష్ణోగ్రతలో రవ్వంత మార్పు కూడా చూపకుండా కరగడానికే ఖర్చవుతుంది. మనమిచ్చే వేడిలో ఎక్కువ భాగం గాలిలోనే కలుస్తుంది. కనుక అరగంట, గంట పట్టినా తొందరపడరాదు.

తొందరపడినవారు ఆశ్రయించేది బ్లోలాంపునే. ఇది అత్యంత ప్రమాదకరం. చెక్క గోడలు, చెక్క కప్పు గల కొండ ఇళ్లలో గొట్టం వెనుక నిప్పు రాజుకున్న సంగతి చాలాసేపటి వరకు తెలియదు. ప్లాస్టిక్ గొట్టమైతే కరిగిపోతుంది. రెండు మంచు బిరడాల మధ్య చిక్కిన నీరు ఆవిరైతే గొట్టమే పేలుతుంది. మరిగే నీటిని నేరుగా పోయడం, వెల్డింగు యంత్రం తీగలు గొట్టానికి తగిలించి కరెంటు పంపడం కూడా ఇంటిలో చేయదగిన పనులు కావు.

మరమ్మతు

పగులు కనిపించినప్పుడు వాల్వు మూసి, మిగిలిన నీరు కార్చి, అక్కడి మంచు పూర్తిగా కరిగే వరకు ఆగాలి. ఆ రాత్రి గడవడానికి సైకిలు ట్యూబు ముక్కను పగులుపై బిగుతుగా చుట్టి, రెండు హోస్ క్లాంపులు బిగిస్తే సరిపోతుంది. గొట్టం పొడిగా ఉంటే ఎపాక్సీ ముద్ద కూడా పనికి వస్తుంది. కాని ఇది కట్టు మాత్రమే, చికిత్స కాదు.

జి.ఐ. గొట్టాలు సాధారణంగా పొడవునా ఉండే వెల్డింగు అతుకు వెంబడి చీలుతాయి. పగిలిన ముక్కను కోసి తీసివేసి, చివరలకు డైతో థ్రెడ్ వేసి, కొత్త ముక్కను యూనియన్‌తో కలపాలి. రెండు కొసలూ బిగించి ఉన్న గొట్టం తిరగదు గనుక యూనియన్ లేకుండా అది కూర్చోదు. థ్రెడ్‌పై టెఫ్లాన్ టేపును బిగింపు దిశలోనే చుట్టాలి. జింకు పూత గల గొట్టాన్ని వెల్డింగు చేస్తే వెలువడే పొగ ఆరోగ్యానికి హానికరం. ఆ పని మానడమే మంచిది.

సి.పి.వి.సి. గొట్టం చలికి పెళుసెక్కుతుంది. కంటికి కనిపించే పగులుకు అటూ ఇటూ వెంట్రుక వంటి సన్నని చీలికలు ఉంటాయి కనుక, ఇరువైపులా రెండేసి అంగుళాలు అదనంగా కోయాలి. కొసలు నున్నగా చేసి, పూర్తిగా ఆరబెట్టి, సాల్వెంట్ సిమెంటు పూసి, కప్లింగులోకి పావు చుట్టు తిప్పుతూ నెట్టి, కాసేపు అదిమిపట్టాలి. చలిలో ఈ అతుకు ఆరడానికి మామూలు కంటే చాలా ఎక్కువ సమయం పడుతుంది. డబ్బాపై ఇచ్చిన పట్టిక చూసి ఆ మేరకు ఆగాలి. హెచ్.డి.పి.ఇ. గొట్టానికి కొంత సాగే గుణం ఉన్నందున గడ్డకట్టినా తరచుగా తట్టుకుంటుంది. చలి ప్రాంతాలలో కొత్తగా వేసే నేల గొట్టాలకు అది తగినది.

పని ముగిశాక వాల్వును కొద్దికొద్దిగా తెరుస్తూ, ప్రతి అతుకు కింద ఒక పాత వార్తాపత్రిక పరిచి ఉంచాలి. గంట తరువాత కాగితం పొడిగా ఉంటేనే తొడుగు కప్పాలి. ఒకచోట పగిలిన గొట్టం మరొకచోట కూడా వదులై ఉండవచ్చునని మరువరాదు.

దూరాన ఉన్న మన పిల్లలకు

ఈ సమస్య హిమాలయాలలో ఉన్నవారికి మాత్రమే పరిమితం కాదు. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రాన్ని తీవ్ర శీతలం కమ్ముకున్నది. మన తెలుగు కుటుంబాలు వేలాదిగా నివసించే డల్లాస్ ప్రాంతంలో ఉష్ణోగ్రత దాదాపు మైనస్ 19 డిగ్రీలకు దిగింది. నలభై లక్షలకు పైగా ఇళ్లకు, వ్యాపార స్థలాలకు విద్యుత్తు ఆగిపోయింది. వెచ్చని ప్రాంతం కావడంతో అక్కడ చాలా ఇళ్లలో నీటి గొట్టాలు కప్పు కింది అటకపై, బయటి గోడలలో ఉంటాయి. కరెంటు పోయి ఇంటి వేడి ఆరగానే అవి పగిలి, పైకప్పులు కూలి పడ్డాయి. మన ఉద్యోగులలో పిల్లలను విదేశాలకు పంపినవారు ఎందరో ఉన్నారు. ఈ ఆదివారం ఫోనులో మాట్లాడేటప్పుడు కుశల ప్రశ్నలతోపాటు ఒక్క మాట అడగండి: “నాయనా, మీ ఇంటి మెయిన్ వాల్వు ఎక్కడ ఉన్నదో చూసుకున్నావా?”

ముగింపు

ఆ శీతాకాలం తరువాత మేము ఇంకా నాలుగేళ్లు ఆ కాలనీలోనే ఉన్నాము. ఏ ఒక్క ఏడాదీ మా గొట్టం పగలలేదు. ఇందులో గొప్ప సాంకేతిక ప్రతిభ ఏదీ లేదు. రాత్రి పడుకోబోయే ముందు రెండు నిమిషాలు, ఊరికి వెళ్లే ముందు అరగంట, అంతే. అంతకంటే విలువైనది మరొకటి ఉన్నది. కాలనీలో ఒకరి నేల మరొకరికి పైకప్పు. మన నిర్లక్ష్యం మన గదిలో ఆగదు, కింది ఇంటి పసిబిడ్డ మీద కారుతుంది. ఆ టెక్నీషియనుకు మా తాళం పగులగొట్టవలసిన అవసరం మరెన్నడూ రాలేదు. ఆ తరువాత మేము ఊరికి వెళ్లిన ప్రతిసారి మా ఇంటి తాళపుచెవి ఆయన ఇంటి మేకుకే వేలాడేది.